ఆంటీ నాలుకబద్ద

పొద్దున్న ఆరుంపావయ్యేసరికి మా ఫ్లాట్‌లో ఒక చప్పుడు మొదలయ్యేది. అలారం కాదు. ఇంటి ఓనరు ఆంటీ నాలుకబద్దతో నాలుక గీసుకుంటూ, గొంతులోంచి, ఇంకా కిందనుంచి, ఎక్కడెక్కడ దాక్కున్నదాన్నీ పైకి లాగి సింకులోకి ఖాండ్రించే చప్పుడు. టోవా పాయో పేటలో మా అపార్టుమెంటు బ్లాకు పాతది. కిటికీలన్నీ వరండా వైపే తెరుచుకుంటాయి. కాబట్టి ఆ కచేరీ మా ఒక్క ఇంటితో ఆగేది కాదు. అది వినగానే లేచి పొయ్యి వెలిగిస్తానని పక్కింటి మలై ఆవిడ ఓసారి లిఫ్టులో నవ్వుతూ చెప్పింది. నేను మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లిఫ్టు బటన్లు లెక్కపెట్టాను.

నేను పుట్టి పెరిగింది కాకినాడలో. మా నాన్న కూడా పెరట్లో నిలబడి ఇదే చప్పుడు చేసేవారు కాబట్టి నాకది కొత్త కాదు. సముద్రం దాటి వచ్చినా ఇది నన్ను వదల్లేదే అని చిరాకు, అంతే. దిండు తీసి చెవి మీద పెట్టుకుని అటు తిరిగి పడుకునేదాన్ని. అలా ఆరేళ్ళు గడిచాయి.

ఇప్పుడు నా ఉద్యోగం ఏమిటో చెబితే మీరు నవ్వుతారు. నేను కఫం పరీక్షించే ల్యాబ్‌లో టెక్నాలజిస్టుని. చదువుకోవడానికి ఈ ఊరొచ్చి, చదువైపోయాక ఉద్యోగం దొరికి, ఆంటీ ఇంట్లో అద్దెకి తీసుకున్న గదిలోనే ఉండిపోయాను. మా దగ్గరికి చిన్న చిన్న మూత డబ్బాల్లో కఫం వస్తుంది. అందులో క్షయ క్రిములు ఉన్నాయో లేదో చూడటం మా పని. ఆ క్రిములు ఉండేది ఊపిరితిత్తుల అడుగున. అక్కణ్ణించి దగ్గి తీసిన కఫమైతేనే సంగతి తెలుస్తుంది. కానీ కఫం అడిగితే సగం మంది ఉమ్మి పంపిస్తారు. తేటగా, నురగ నురగగా, చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ ఎందుకూ పనికిరాదు. దాన్ని పరీక్షిస్తే జబ్బున్నవాడికి కూడా లేదనే వస్తుంది. అందుకని వెనక్కి తిప్పి పంపి మళ్ళీ అడుగుతాం. అలాంటి డబ్బా కనిపించినప్పుడల్లా నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. ఇంత చిన్న సంగతి అర్థం కాదా వీళ్ళకి, అని మాస్కు చాటున తిట్టుకుంటాను.

ఆంటీకి డెబ్భై దాటాయి. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి మలయా రబ్బరు తోటలకి వచ్చారట. ఆవిడ ఒక్కసారి కూడా ఆంధ్ర చూడలేదు. అయినా ఆవిడ నోట్లో ఆ తెలుగు ఎక్కడికీ పోలేదు. తమిళమూ, ఇక్కడి మలై భాషా కలిసి దానికి కాస్త కొత్త రుచి వచ్చిందంతే. చారులో ఇకాన్ బిలిస్ వేస్తుంది, అంటే ఎండు నెత్తళ్ళు. నన్ను 'గుంటా' అని పిలుస్తుంది, పిల్లా అన్నట్టు. ముప్పై నాలుగేళ్ళొచ్చిన నన్ను అలా పిలిచేవాళ్ళు ఈ దేశంలో ఇంకెవరూ లేరు. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

ఎంగిలి అంటే మాత్రం ఆవిడ ఆమడ దూరం పోతుంది. నీళ్ళు ఎత్తి పోసుకుంటుందే కానీ గ్లాసుకి పెదవి తగలనివ్వదు. కాఫీ ఒక్కటే కరుచుకుని తాగుతుంది, అదీ తన సొంత గ్లాసులోనే. బ్లాకు కింద కాఫీ షాపుకి కూడా ఆ స్టీలు గ్లాసు చంకన పెట్టుకునే వెళ్తుంది. అక్కడ ఆవిడకో స్నేహితుడు ఉన్నాడు, ఎదురు బ్లాకులో ఉండే చైనీస్ అంకుల్. ఒకప్పుడు లారీ నడిపేవాడు. ముందొచ్చినవాళ్ళు రెండో కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేసేవారు, అంటే రెండోవాళ్ళకి చోటు ఆపేవారు. పదిహేనేళ్ళుగా అదే టేబులు. ఇద్దరూ మలైలో చేపల ధరల గురించీ మోకాళ్ళ గురించీ మాట్లాడుకునేవారు.

ఆంటీకి ఒక్కతే కూతురు. పుంగ్గోల్‌లో ఉంటుంది. పెళ్ళైన తొమ్మిదేళ్ళకి ఆ పిల్ల కడుపు పండింది. ఆ కబురు తెలిసిన రోజునుంచి ఆంటీకి ఒకటే ధ్యాస, పుట్టబోయే బిడ్డకి తన చేతులతో నీళ్ళు పోయాలి. కాన్పుకి మూడు నెలల ముందే చెక్కపీట సంపాదించింది. టెక్కా బజారుకి వెళ్ళి పెసలు, శనగపప్పు, కస్తూరి పసుపు తెచ్చి, వరండాలో ఎండబెట్టి, నలుగుపిండి ఆడించుకొచ్చింది. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపి, నా దిండుని కాళ్ళ మీద వేసుకుని సాధన కూడా చేసింది. ఆ దిండుకి నలుగు పెట్టలేదు, అదొక్కటే నా అదృష్టం.

కూతురికి ఇదంతా చాదస్తంగా కనిపించింది. "మమ్మీ, నీకు నడుం నొప్పి కదా, నానీని పెట్టుకుంటాం లా," అంది.

"నా మనవరాలికి ఎవత్తో వచ్చి నీళ్ళు పోస్తాదా? నాను సచ్చిపోనాననుకున్నావేటి?" అని ఆంటీ ఇంతెత్తున లేచింది. మనవరాలేనని ఆవిడకి అప్పుడే ఎలా తెలుసో నేను అడగలేదు.

ఆ నెలల్లో ఆవిడకి దగ్గు ఉండేది. ఎయిర్‌కాన్ పడటం లేదంది. అవునంటే అవునన్నాను. రోజంతా దగ్గేవాళ్ళ డబ్బాలతో గడిపే నేను, ఇంటికొచ్చి పక్కగదిలో దగ్గు వింటూ సీరియల్ చూశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒకరోజు కాఫీ షాపులో రెండో కుర్చీ ఖాళీగా ఉంది. మర్నాడూ అంతే. మూడో రోజు అంకుల్ కూతురు వచ్చి, ఆయనకి టీబీ అట, ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పింది. రోజూ ఆయనకి ఎదురుగా కూర్చున్న మనిషి కాబట్టి వారం తిరక్కుండా ఆంటీకి ఉత్తరం వచ్చింది, పరీక్షకి రమ్మని. "నాకేటయ్యింది? గుండ్రాయిలా ఉన్నాను," అంటూ వెళ్ళి ఎక్స్‌రే తీయించుకుంది. ఆ ఎక్స్‌రే పొద్దున, సాయంత్రానికి పుంగ్గోల్ పాప పుట్టింది. నిజంగానే మనవరాలు.

ఆసుపత్రికి బయల్దేరదామని ఆంటీ కొత్త చీర కట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు పెట్టాక ఎక్స్‌రే తీసినచోటునుంచి ఫోన్ వచ్చింది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో నీడ కనిపిస్తోందట. అది పాత మచ్చా, కొత్త జబ్బా అన్నది కఫం చూస్తే కానీ తెలియదు. వరసగా మూడు పొద్దులు మూడు డబ్బాలు ఇవ్వాలి. అప్పటిదాకా పసిబిడ్డ దగ్గరికి వెళ్ళకూడదు.

ఆంటీ చెప్పులు విడిచి, చీర మార్చుకుని వచ్చింది. పాప మొహం ఫోన్‌లో చూసింది. "పదకొండో రోజు నీళ్ళకి నానుండాల. ఏగిరం తేల్చీమను గుంటా," అంది నాతో, ఆ ల్యాబులన్నీ నా జేబులో ఉన్నట్టు.

అసలు ఆ డబ్బాలు మా ల్యాబ్‌కి రావు. వచ్చినా పేరు చూసి జోక్యం చేసుకోకూడదు. కానీ డబ్బా ఎలా నింపాలో చెప్పడానికి నాకంటే తగినవాళ్ళు ఎవరున్నారు? సోఫాలో కూర్చోబెట్టి పాఠం చెప్పాను. నిద్ర లేవగానే నోరు నీళ్ళతో పుక్కిలించండి, గట్టిగా ఊపిరి పీల్చండి, లోపల్నుంచి దగ్గి ఇందులో వేయండి, వెంటనే ఇవ్వలేకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి. ఆవిడ బుద్ధిగా తల ఊపింది. ఫ్రిజ్ అన్న దగ్గర మాత్రం కళ్ళు పెద్దవి చేసింది. "పెరుగు పక్కనా?" అంది.

మర్నాడు చూస్తే డబ్బా మూడు ప్లాస్టిక్ సంచుల్లో మూట కట్టి, వరండాలో చెప్పుల స్టాండు మీద ఉంది. నేనే పట్టుకెళ్ళి పాలీక్లినిక్‌లో ఇచ్చాను. రోజూ చేసేది ఈ డబ్బాలు చూడటమే, ఇంట్లో కూడా ఎందుకని మూట విప్పలేదు. మూడు రోజులూ అంతే.

వారానికి నర్సు ఫోన్ చేసింది. ఆంటీ కాగితాల మీద నా నంబరే ఇచ్చింది లెండి. మూడు డబ్బాల్లోనూ ఉమ్మి తప్ప ఏమీ లేదు, మళ్ళీ ఇవ్వమంది. ఎంత మర్యాదగా చెప్పిందో! అదే నేనైతే ఏమనుకునేదాన్నో నాకు తెలుసు కాబట్టి చెవులు వేడెక్కాయి.

"నేను చెప్పిందేంటి, మీరు చేసిందేంటి ఆంటీ?" అని ఇంటికొచ్చి విరుచుకుపడ్డాను.

"నానేటి తప్పు సేసాను? సుబ్బరంగానే ఇచ్చాను," అంది ఆవిడ, ఉల్లిపాయలు తరుగుతూ. మొహం మాత్రం చిన్నబోయింది. పదకొండో రోజు అప్పటికే దాటిపోయింది. పుంగ్గోల్‌లో జీతానికి వచ్చిన నానీ పాపకి నీళ్ళు పోసింది. ఆంటీ అదంతా ఫోన్‌లో చూస్తూ, "సెయ్యి తలకిందకి! ఆ కాలు సాపు!" అంటూ తెలుగునీ మలైనీ కలిపి ఆ మనిషిని ఊపిరాడనివ్వలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం చెక్కపీటని గుడ్డలో చుట్టి తలుపు వెనక పెట్టేసింది.

కొత్త డబ్బాలు వచ్చాయి. మర్నాడు పొద్దున్న ఆరుంపావుకి అలవాటు ప్రకారం చప్పుడు మొదలైంది. అలవాటు ప్రకారం నా చెయ్యి దిండు మీదికి వెళ్ళింది. అక్కడ ఆగిపోయాను. ఆ చప్పుడు వింటున్నాను. అంత లోతునుంచి, అంత కష్టపడి, అంత శ్రద్ధగా పైకి వస్తున్నది ఏమిటి? నేను ఉద్యోగం పేరు చెప్పి రోజంతా ఊళ్ళోవాళ్ళందరినీ అడుక్కునేది అదే కదా!

దుప్పటి తన్నేసి పరిగెత్తాను. బాత్రూం గుమ్మంలో నిలబడేసరికి ఆవిడ కుళాయి తిప్పి సింకు కడిగేస్తోంది. పక్కనే అలమర మీద తళతళలాడే డబ్బా, మూత తీసి సిద్ధంగా ఉంది.

"ఆగండాంటీ! అదే! వాళ్ళకి కావాల్సింది అదే!"

"ఏటి?"

"ఇప్పుడు సింకులో ఉమ్మేశారే, అదే. డబ్బాలో వెయ్యాల్సింది."

ఆవిడ నన్నూ సింకునీ మార్చి మార్చి చూసింది. "ఛీ! ఇదా? ఇది ఒకరికి ఇచ్చీదా గుంటా? డాక్టరు సదువుకున్నోడు. ముందుగాల పళ్ళు తోవి, నాలిక గీసి, ఈ మురికంతా పారబోసి, నోరు కడుక్కొని, అప్పుడు గదా వాళ్ళకి ఇయ్యాల! నాను మంచిదే ఇచ్చాను."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఎన్నేళ్ళుగా ఎంతమందిని తిట్టుకున్నాను! తెలివితక్కువతనం అనుకున్నది తెలివితక్కువతనం కాదు, మర్యాద. ముక్కూ మొహం తెలియని మనిషి చేతికి మన లోపలి చెత్త ఎలా ఇస్తాం? ఉన్నంతలో శుభ్రమైనదే ఇస్తాం, ఇంటికొచ్చినవాళ్ళకి మంచి గ్లాసులో నీళ్ళిచ్చినట్టు. కడుక్కోవడం అయ్యాక కానీ ఏదీ ముట్టుకోని ఇంట్లోంచి వచ్చినదాన్నయ్యుండి నాకెందుకు తట్టలేదో!

కానీ నవ్వి ఊరుకునే సంగతి కాదది. అందుకని ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆంటీ, ఆ మంచి ఉమ్మినే ఎవరో చూసీ చూడనట్టు పరీక్ష చేసేసి ఉంటే, మీకు జబ్బు లేదని రాసిచ్చేవారు. మీరు మర్నాడే పుంగ్గోల్ వెళ్ళి పాపని కాళ్ళ మీద వేసుకునేవారు. లోపల జబ్బుంటే అది అలాగే ఉండిపోయేది."

ఆవిడ చేతిలో నాలుకబద్ద అలాగే ఉండిపోయింది. కాసేపటికి దాన్ని కడిగి, తుడిచి, మేకుకి తగిలించి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి రోజు ఆరింటికే నా తలుపు కొట్టింది. "లే గుంటా. ఆ డబ్బా ఎలాగ పట్టాలో సెప్పు."

వంటింటి కిటికీ బార్లా తెరిపించి, నన్ను నేను వరండాలో నిలబెట్టుకుని, అక్కణ్ణించి చెప్పాను. ఆవిడ సిగ్గుతో నాకు వీపు తిప్పింది. నాలుకబద్ద ఆడింది. ఆరేళ్ళుగా నేను దిండు అడ్డం పెట్టుకున్న ఆ చప్పుడు, ఆ పొద్దున ఎంత గట్టిగా వస్తే అంత బాగుండునని ఊపిరి బిగబట్టి విన్నాను. మూడో రోజుకి ఆవిడకి సిగ్గు కూడా పోయింది. మూత బిగించి, డబ్బా కిటికీ దగ్గర పెట్టి, "సూడు, సరిపోద్దా?" అంది.

"చాలా బాగుంది ఆంటీ," అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. అంత మంచి డబ్బా మా ల్యాబ్‌లో నెలకొకటి వస్తే గొప్ప.

రెండు రోజుల్లో ఫలితం వచ్చింది. జబ్బు ఉంది.

డాక్టరు దగ్గరికి నేనూ వెళ్ళాను. ఆరు నెలల మందులు, రోజూ పాలీక్లినిక్‌కి వచ్చి నర్సు ముందే మింగాలి, నయమైపోతుంది అని ఆయన ఓపిగ్గా చెప్పాడు. ఆంటీ అడిగింది ఒక్కటే, పాప దగ్గరికి ఎప్పుడు వెళ్ళొచ్చని. మందులు మొదలెట్టాక మళ్ళీ కఫం చూస్తాం, అది శుభ్రంగా వచ్చాక తప్పకుండా వెళ్ళొచ్చన్నాడు. కూతురికీ, అల్లుడికీ, నాకూ పరీక్షలు చేశారు. ఎవరికీ ఏమీ లేదు. రోజూ క్షయ క్రిములతో గడిపే నేను నా చేతికి సూది గుచ్చేటప్పుడు గోడకేసి తిరిగి కళ్ళు మూసుకున్నానని ఆంటీ ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

రోజూ పొద్దున గొడుగు పట్టుకుని పాలీక్లినిక్‌కి నడిచేది. మందుల వల్ల మూత్రం నారింజరంగులోకి మారిన రోజున, "అలమాక్! రత్తం పోతంది గుంటా!" అని బాత్రూంలోంచి కేక పెట్టింది. ఆ మందు రంగే అదని నచ్చజెప్పడానికి ఒక పూట పట్టింది. ఇరవై ఒకటో రోజు బారసాల ఫోన్‌లోనే చూశాం. నానీ చేతుల్లోంచి ఊయల్లోకి మారుతున్న పాపని చూస్తూ ఆవిడ ఫోన్ తెరని కొంగుతో తుడిచింది. తెర మీద ఏమీ లేదు.

ఆ రోజుల్లోనే ఆవిడ తన పళ్ళెం వేరు చేసుకుంది. పువ్వుల బొమ్మలున్న పాత పింగాణీ పూత పళ్ళెం, కాఫీ తాగే ఆ స్టీలు గ్లాసు. రెండూ కిటికీ అంచు మీద పెట్టుకుని, తనే కడుక్కునేది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. ఇది ఎంగిలితో అంటే జబ్బు కాదు, గాలితో వచ్చేదని నేను చెప్పని రోజు లేదు. తల ఊపడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. ఊపేది, వెళ్ళి పళ్ళెం కడుక్కునేది.

ఒక మధ్యాహ్నం విసుగొచ్చి గట్టిగా అడిగేశాను, ఎందుకీ మొండితనం అని. అప్పుడు చెప్పింది.

"మాయమ్మకీ ఇదే జబ్బు. నాకప్పుడు ఆరేళ్ళు. ఏటి ఒడ్డున షాపుల మీద అరలుండీవి. అరకో కుటుంబం. కిటికీ నేదు, గాలి నేదు. మాయమ్మ సిన్నప్పుడైతే ఆ ఈదిలో జబ్బోళ్ళని దాసీసేవోరంట, ఇనస్పెట్రు వస్తే గోనెల ఎనక కూకోబెట్టి. మాయమ్మని దాయనేదు. బండొచ్చి తీసుకుపోనాది. ఏడాది. ఆసుపత్రి కంచె ఇవతల మా నాన్న నన్ను ఎత్తి పట్టుకుంటే, అవతలనుండి సెయ్యూపేది."

"తగ్గలేదా ఆంటీ?"

"తగ్గింది. బాగయ్యే వచ్చింది. కాయితం కూడా ఇచ్చినారు. కాని పోయిందాకా ఏరే పళ్ళెవే. మునుపు నాకు గంజి ఊది ఊది పెట్టీది, తెల్సా? ఇంటికొచ్చినాక గిన్ని నా ముందరకి తోసి, 'నువ్వే ఊదుకో' అనీది. ఒక్కపాలి కూడా మరి ఊదనేదు. నన్ను ఒళ్ళోకి తీసుకోనేదు. నాకేటి తెల్సు? మాయమ్మకి నామీద కోపవొచ్చిందనుకున్నాను."

ల్యాబ్‌లో మేము రాసిచ్చే కాగితం ఇంట్లోకి వచ్చేసరికి ఎంత చిన్నదైపోతుందో ఆ రోజే తెలిసింది.

రెండు నెలలు గడిచాయి. మళ్ళీ డబ్బాలు. ఈసారి ఆవిడకి నేను పాఠం చెప్పనక్కర్లేదు, నాకే చెప్పగలదు. దగ్గు తగ్గి కఫం రావడం కష్టమైపోయిందని తెగ బాధపడింది. ఎలాగో సాధించింది. ఫలితం శుభ్రంగా వచ్చింది. డాక్టరు నవ్వుతూ, ఇక వెళ్ళి మనవరాలిని ఎత్తుకోండి అన్నాడు.

ఆంటీ వెళ్ళలేదు.

కూతురు ఫోన్ చేసి, "మమ్మీ, కమ్ లా! వై యూ నాట్ కమింగ్?" అని రోజూ అడిగేది. ఆవిడకి రోజుకో కారణం. నడుం పట్టేసింది, వాన వచ్చేలా ఉంది, ఇవాళ మంగళవారం. చెక్కపీట గుడ్డలో చుట్టి తలుపు వెనకాలే ఉంది. నలుగుపిండి డబ్బా మూత రోజూ తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేసేది. పళ్ళెం కిటికీ అంచు మీదే ఉంది. ఆవిడ వాళ్ళమ్మలాగే అయిపోతోందని నాకు భయం వేసింది. అవతల పాప రోజురోజుకీ పెరిగిపోతోంది. కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసే వయసు ఎన్నాళ్ళుంటుంది?

ఒక ఆదివారం పొద్దున ఆవిడ కాఫీ సగం తాగి, పొయ్యి మీద ఏదో పొంగుతుంటే లేచి వెళ్ళింది. గ్లాసు బల్ల మీద ఉండిపోయింది. నేను ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేదాన్ని కాదు, ఎందుకంటే నాకూ ఆ పట్టింపులన్నీ ఉన్నాయి. సొంత అక్క తాగిన గ్లాసు కూడా ఏనాడూ ముట్టుకున్నదాన్ని కాదు. ఆ గ్లాసు తీసి, అంచుకి పెదవులు ఆనించి, మిగిలిన కాఫీ అంతా తాగేశాను. కండెన్స్‌డ్ మిల్క్ అడుగున పేరుకుని గొంతు దిగనంత తియ్యగా ఉంది.

ఆవిడ గరిటెతో సహా తిరిగి చూసి, "అలమాక్! ఎంగిలి! నా ఎంగిలి గుంటా అది!" అని గుండెలు బాదుకుంది.

"తాగేశానుగా. ఏమవుతుందో చూద్దురుగాని," అన్నాను.

"పిచ్చెక్కిందేటి నీకు?"

"అందులో క్రిమి ఉంటే అందరికంటే ముందు నాకే తెలుస్తుంది ఆంటీ. ఆ పని చేసే జీతం తీసుకుంటున్నాను. మీ ఎంగిలి కాఫీ తాగడానికి లేని భయం, మీరు పాపని ఎత్తుకోవడానికి నాకెందుకుంటుంది?"

ఆవిడ కళ్ళ నిండా నీళ్ళు నిండాయి. అవి కారకముందే, "నా కాఫీ అంతా తాగీసావు, ఇప్పుడు నాకెవుడిస్తాడు?" అని కసిరింది. పొయ్యి ఆపేసి గదిలోకి వెళ్ళింది. తలుపు వెనక చెక్కపీట నేలకి తగిలిన చప్పుడు వినిపించింది.

పుంగ్గోల్ దాకా రైలు, అక్కణ్ణించి చిన్న రైలు. దారంతా పీట ఆవిడ ఒళ్ళోనే ఉంది. మొహానికి మాస్కు. ఇంట్లోకి వెళ్ళగానే మోచేతుల దాకా మూడుసార్లు చేతులు కడుక్కుంది. "మమ్మీ, డాక్టర్ సెడ్ నో నీడ్ మాస్క్ వాట్," అని కూతురు అంటే వినిపించుకోలేదు. బాత్రూంలో పీట వేసుకుని, చీర మోకాళ్ళ పైకి ఎగదోసి, కాళ్ళు చాపింది. కూతురు పాపని తెచ్చి ఆ కాళ్ళ మీద పెట్టింది. మూడు నెలలు ఫోన్‌లో చూసిన మనిషిని ఆ పిల్ల మొదటిసారి వాసన చూసింది, గుక్క పెట్టింది.

ఆంటీ కంగారు పడలేదు. నా దిండు మీద చేసిన సాధన ఊరికే పోలేదు. నూనె రాసి, నలుగు పెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు వీపు మీదనుంచి జార్చుతూ ఏదో పాత పాట సన్నగా అందుకుంది. తెలుగో తమిళమో నాకూ తెలియలేదు. ఏడుపు కాస్తా మూలుగైంది, మూలుగు కాస్తా ఆగిపోయింది. చివరి చెంబు నీళ్ళు పాప చుట్టూ తిప్పి, శ్రీరామరక్ష అని పక్కకి పారబోసింది.

నీళ్ళు పోశాక పాప నడినెత్తిన, చెవుల్లో ఊదాలి. మా ఇళ్ళల్లో అమ్మమ్మలందరూ చేసే పనే అది. ఆంటీ కూడా అలవాటుగానే వంగింది. వంగి, పాప మొహానికి జానెడు దూరంలో ఆగిపోయింది. అలాగే ఉండి నాకేసి చూసింది. మాస్కు పైన ఆ కళ్ళు చూస్తే డెబ్భై ఏళ్ళ మనిషివిలా లేవు. గంజి గిన్నె ముందు కూర్చున్న ఆరేళ్ళ పిల్లవిలా ఉన్నాయి.

"ఊదొచ్చా గుంటా? నిజం సెప్పు. నా మొహం సూసి సెప్పకు."

"మీ డబ్బాల ఫలితం చూసే చెబుతున్నాను. ఊదండి ఆంటీ," అన్నాను.

ఆవిడ మాస్కు గడ్డం కిందికి లాగేసింది. నడినెత్తిన ఒకసారి, ఒక చెవిలో ఒకసారి, రెండో చెవిలో ఒకసారి, ఉఫ్ ఉఫ్ అని ఊదింది. మొహం మీదికి గాలి రావడంతో పాప కళ్ళు చికిలించి, ముక్కు ముడుచుకుని, సరిగ్గా ఆవిడ మొహం మీదే తుమ్మింది.

ఎంగిలంటే ఆమడ దూరం పోయే మా ఆంటీ, పాపని తువ్వాల్లో చుట్టి ఇంట్లోకి తీసుకొచ్చిందాకా ఆ తుంపర్లు తుడుచుకోలేదు.